భవన దృశ్యచిత్రణలో క్లయింటు మాట – చిత్రకారుని బాధ్యత: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కట్టని భవనాన్ని కట్టినట్టుగా కంప్యూటర్ సాయంతో చూపించే భవన దృశ్యచిత్రణ నేడు తెలుగు రాష్ట్రాల్లో అనేకులకు స్వతంత్ర జీవనోపాధిగా ఉంది. ఈ వృత్తిలో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం చిత్రరచనకు కాక మాటకు సంబంధించినవి. క్లయింటు నోటిమాట దృశ్యంగా మారే క్రమాన్ని, సవరణలను, చెల్లింపును, ఆ దృశ్యాన్ని నమ్మి ఇల్లు కొనే మూడోవ్యక్తి పట్ల ఉండే బాధ్యతను, చిత్రంపై హక్కును అలంకారశాస్త్ర పరిభాష వెలుగులోను, అమల్లో ఉన్న చట్టాల ఆధారంగాను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: భవన దృశ్యచిత్రణ, ఎలివేషన్, క్లయింటు, శబ్దశక్తులు, పురవర్ణన, అతిశయోక్తి, రెరా, కాపీరైటు.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కట్టి చూడమన్నది తెలుగువారి సామెత. నేటి గృహయజమాని ముందు చూసి, ఆ తర్వాతే కట్టాలనుకుంటున్నాడు. పునాది తవ్వకముందే ఇంటి ముఖభాగం, హాలులో పడే వెలుతురు, మెట్లకు పరిచే రాయి రంగు కంటికి కనిపించాలని కోరుతున్నాడు. ఆ కోరికను తీర్చే వృత్తి భవన దృశ్యచిత్రణ. ఈ పని చేసేవారిని నగరాల్లో ‘త్రీడీ విజువలైజర్’ అంటారు. చిన్న పట్టణాల్లో ‘ఎలివేషన్ వేసేవారు’ అనే మాట వినిపిస్తుంది. ఇంజనీరింగ్ పరిభాషలో ఎలివేషన్ అంటే భవనపు ఒక పార్శ్వాన్ని కొలతల ప్రకారం చూపే గీతపటం మాత్రమే. వాడుకలో అదే మాట నీడలు, చెట్లు, గేటు ముందు కారుతో సహా రంగుల బొమ్మకు పేరైంది. అర్థవిపరిణామానికి ఇదొక చక్కని ఉదాహరణ. భాషాశాస్త్ర విద్యార్థులు ఇలాంటి మాటల కోసం నిఘంటువులకంటే సిమెంటు దుకాణాల దగ్గర వెతకడం మేలు.

పని క్రమం స్థూలంగా ఇది. ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాను వస్తుంది. దాని ఆధారంగా స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లలో భవనాన్ని త్రిమితీయంగా నిర్మిస్తారు. గోడలకు, నేలకు, తలుపులకు వాటి ఉపరితల లక్షణాలను ఇస్తారు. సూర్యుణ్ణి, దీపాలను, కెమెరాను అమరుస్తారు. వీ-రే, కరోనా వంటి రెండర్ యంత్రాంగాలు ఆ కాంతిని లెక్కగట్టి చిత్రాన్ని తయారుచేస్తాయి. లూమియన్, ఎన్‌స్కేప్ వంటివి వేగంగా చూపించడానికి పనికొస్తాయి. చివరి మెరుగులు ఫొటోషాప్‌లో జరుగుతాయి.

సంస్థలో ఉద్యోగిగా ఉన్న చిత్రకారునికి, క్లయింటుకు మధ్య పై అధికారి ఉంటాడు. కోరికను విని, వడగట్టి, ధర చెప్పి, ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చేది ఆయనే. స్వతంత్రంగా పనిచేసేవారికి ఆ అడ్డుగోడ లేదు. చిత్రించేవాడే మాట్లాడాలి, లెక్క రాయాలి, బాకీ అడగాలి. సాఫ్ట్‌వేర్ నేర్పే శిక్షణాలయాల దృష్టి చిత్రం మీదే ఉంటుంది. క్లయింటుతో వ్యవహరించే తీరును ఎవరికి వారు దెబ్బలు తిని నేర్చుకోవలసి వస్తోంది. ఆ వ్యవహారంలో భాష పోషించే పాత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పూర్వరంగం

కంప్యూటర్ కొత్తదే గాని ఈ సంబంధం కొత్తది కాదు. ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ (1752–1818) అనే ఉద్యానశిల్పి తన ధనిక యజమానుల కోసం ‘ఎర్ర పుస్తకాలు’ తయారుచేసేవాడు. ఎర్రని తోలు అట్టలోపల వివరణ, నీటిరంగుల చిత్రాలు ఉండేవి. ఒక చిత్రంపై చిన్న కాగితపు రెక్క అతికి ఉండేది. రెక్క మూసి ఉంటే ఎస్టేటు అప్పటికి ఉన్న స్థితి కనిపిస్తుంది. రెక్క ఎత్తితే రెప్టన్ ప్రతిపాదించిన చెరువు, చెట్ల గుంపులు, కొత్త దారి దర్శనమిస్తాయి. ‘ముందు – తర్వాత’ అంటూ నేటి చిత్రకారులు పక్కపక్కన పెట్టి చూపే బొమ్మలకు ఇదే పూర్వరూపం. పుస్తకానికి రుసుము చెల్లించి, పనిని మాత్రం చేయించని యజమానులూ ఉన్నారు. రెప్టన్ పుస్తకాన్ని ప్రత్యేక సేవగా లెక్కించి రుసుము తీసుకోవడం గమనార్హం. తోట వేసినా వేయకపోయినా చిత్రించిన శ్రమకు విలువ ఉందన్న సూత్రం అందులో ఉంది. ‘ఇల్లు మొదలుపెట్టాక అంతా కలిపి ఇస్తాం’ అనే క్లయింటుకు ఇవ్వదగిన సమాధానం రెండు శతాబ్దాల కిందటే తయారై ఉంది.

జోసెఫ్ గాండీ (1771–1843) కథ వేరు. లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ భవనాన్ని రూపొందించిన జాన్ సోన్ కోసం గాండీ ఏళ్ల తరబడి చిత్రాలు గీశాడు. ఆ బ్యాంకును శిథిలాల రూపంలో చూపే 1830 నాటి చిత్రం ప్రసిద్ధం. స్వయంగా వాస్తుశిల్పి అయి ఉండికూడా గాండీ ఆ వృత్తిలో నిలదొక్కుకోలేకపోయాడు. పరుల ఊహకు రూపమిచ్చే చేతికి సొంత గుర్తింపు దక్కడం కష్టమన్న విషయం అప్పటిదే. ఇరవయ్యో శతాబ్దంలో న్యూయార్కుకు చెందిన హ్యూ ఫెరిస్ (1889–1962) దీనికి మినహాయింపు. వాస్తుశిల్పం చదివి, ఇతర వాస్తుశిల్పుల భవనాలను చిత్రించడమే వృత్తిగా ఎంచుకున్నాడు. 1916 నాటి న్యూయార్కు భవన నియంత్రణ నిబంధన ఆకాశహర్మ్యాల ఆకారాన్ని ఎలా మలుస్తుందో 1922లో దశలవారీగా గీసి చూపాడు. నిబంధనలోని అక్షరాలను దృశ్యంగా మార్చిన ఆ బొగ్గుచిత్రాలు నగర రూపకల్పన చరిత్రలో నిలిచిపోయాయి.

3. మాట దృశ్యమయ్యే క్రమం

మన ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు శక్తులు చెప్పారు. క్లయింటు మాట్లాడే ప్రతి వాక్యంలోను ఈ మూడూ పనిచేస్తాయి. ‘ఇల్లు గ్రాండ్‌గా కనిపించాలి’ అన్న వాక్యాన్ని తీసుకోవచ్చు. వాచ్యార్థం ‘ఘనంగా’ అన్నంతవరకే. లక్ష్యార్థం రెండంతస్తుల ఎత్తు స్తంభాలు, వెడల్పైన పోర్టికో, గేటు దీపాలు. వ్యంగ్యార్థం చాలాసార్లు ఎదురింటిలోనో, తోడల్లుడు కిందటేడు కట్టిన ఇంటిలోనో దొరుకుతుంది. ఆ మూడో అర్థాన్ని అందుకోని చిత్రకారుడు ఎన్ని స్తంభాలు నిలబెట్టినా ‘ఏదో తక్కువైంది’ అన్న మాటే వినవలసి ఉంటుంది. ‘సింపుల్‌గా’ అన్నది మరింత చిక్కు మాట. ఆర్కిటెక్టు నోట అది గీతల పొదుపు. మధ్యతరగతి గృహయజమాని నోట అది ఖర్చు పొదుపు. బిల్డర్ నోట ‘త్వరగా ఇవ్వండి’ అనడానికి మర్యాదైన రూపం.

కాబట్టి విశేషణాలను విన్నచోట వాటిని వస్తువులుగా మార్చే ప్రశ్న అడగాలి. ‘ఎలా ఉండాలి?’ అని అడిగితే మళ్లీ విశేషణమే వస్తుంది. ‘మీరు చూసిన ఇళ్లలో ఏది నచ్చింది? అందులో ఏ భాగం?’ అని అడిగితే వస్తువు వస్తుంది. క్లయింట్లు ఇంటర్నెట్ నుంచి తీసి పంపే నమూనా చిత్రాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చిత్రం మొత్తం నచ్చి పంపుతారని భావించడం పొరపాటు. ఒకరికి అందులోని కిటికీ చట్రం నచ్చి ఉంటుంది, మరొకరికి వెనుకనున్న సాయంకాలపు ఆకాశం. నచ్చిన భాగాన్ని గుండ్రంగా గుర్తించి పంపమని కోరడం వల్ల సగం అపార్థాలు తొలగిపోతాయి.

క్లయింటు ఒకే వ్యక్తి అనుకోవడం మరో పొరపాటు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ సొంతూరిలో ఇల్లు కట్టించే ప్రవాసుల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు పంపేది కొడుకు, స్థలం దగ్గర నిలబడేది తండ్రి, చిత్రాన్ని చూసి గోడ లేపేది మేస్త్రి. డాలస్‌లో ఉన్నవారికి పెద్ద గాజు తలుపులు కావాలి. ఊళ్లో ఉన్నవారికి ఎండ, దుమ్ము, కోతులు గుర్తుకొస్తాయి. మేస్త్రికి కొలత కావాలి. ముగ్గురూ వేర్వేరు సమయాల్లో ఫోను చేసి వేర్వేరు మార్పులు చెబితే చిత్రకారుడు మధ్యవర్తి కాక తప్పదు. కుటుంబం తరఫున తుది మాట ఎవరిదో తొలి సంభాషణలోనే తేల్చుకోవడం అమర్యాద కాదు. పెద్దాయనతో మాట్లాడేటప్పుడు ‘మీ అబ్బాయిగారు కూడా చూసి ఒక మాట అంటే మొదలుపెడతామండి’ అన్నంత సున్నితంగా దానిని చెప్పవచ్చు.

వాస్తు ప్రస్తావన లేకుండా తెలుగునాట ఈ చర్చ పూర్తికాదు. నమూనా తయారై, రంగులు వేసి, కాంతి అమర్చిన తర్వాత ‘సిద్ధాంతిగారు ఈశాన్యంలో వంటగది వద్దన్నారు, ఆగ్నేయానికి మార్చండి’ అన్న కబురు రావడం ఈ వృత్తిలోనివారికి సుపరిచితం. వంటగది కదిలితే పొగగొట్టం, కిటికీ, పక్కగోడ, ఒక్కొక్కసారి మెట్లు కూడా కదులుతాయి. అంటే ముఖభాగమే మారిపోతుంది. వాస్తును నమ్మాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ‘ప్లాను సిద్ధాంతిగారు చూశారా?’ అన్నది అడ్వాన్సుకంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఆమోదాలను దశలుగా తీసుకోవడం ఈ వృత్తిలో స్థిరపడిన పద్ధతి. మొదట రంగులు లేని బూడిదరంగు నమూనాలో భవనాకారం, కెమెరా కోణం చూపిస్తారు. వాటికి అంగీకారం దొరికాక ఉపరితలాలు, ఆ తర్వాత కాంతి, చివరన పూర్తి పరిమాణపు చిత్రం. అయితే బూడిద బొమ్మ చూడగానే మామూలు గృహయజమాని నిరుత్సాహపడతాడు. ‘రంగు ఏదండీ?’ అంటాడు. దానికి సాంకేతిక వివరణకంటే ఇంటి పని నుంచి తీసిన పోలిక బాగా పనిచేస్తుంది. స్థలంలో సున్నంతో ముగ్గు పోసినప్పుడు గది అడుగు పక్కకు జరపాలంటే ముగ్గు చెరిపి మళ్లీ పోస్తే చాలు. పునాది లేచాక అదే అడుగు వేలల్లోకి వెళ్తుంది. బూడిద బొమ్మ ముగ్గు వంటిది. ఈ మాట చెప్పి ఆ చిత్రాన్ని పంపితే క్లయింటు దానిని చూసే దృష్టే మారుతుంది.

వాక్‌త్రూ అనే చలనచిత్రం విషయంలో దశల అవసరం మరీ ఎక్కువ. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఒక నిమిషం నిడివికి 1500 చిత్రాలు కావాలి. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి 10 నిమిషాలు పట్టే దృశ్యమైతే ఒకే కంప్యూటర్‌పై 15,000 నిమిషాలు, అంటే 250 గంటలు. పది రోజులకు పైగా యంత్రం రాత్రింబగళ్లు నడవాలి. అది పూర్తయ్యాక ‘ఆ సోఫా రంగు కాస్త మార్చండి చాలు’ అన్న వాక్యంలోని ‘కాస్త’, ‘చాలు’ అనే రెండు పదాల బరువు క్లయింటుకు తెలియదు. ముందుగా చెప్పకపోతే ఆయనకు తెలిసే మార్గమూ లేదు. ఈ లెక్కను పని ఒప్పుకునే రోజునే కాగితంపై వేసి చూపాలి.

నేటి సంప్రదింపులు ఎక్కువగా వాట్సాప్ సందేశాల్లో, ఫోను సంభాషణల్లో సాగుతున్నాయి. మాట గాలికి పోతుంది. రోజు చివర ఒక చిన్న సందేశం పంపడం వల్ల అది నిలుస్తుంది: ‘నేడు ఫోనులో అనుకున్నవి: పోర్టికో స్తంభాలు రెండు, తలుపు టేకు రంగు, పై అంతస్తు రెయిలింగ్ గాజు. తేడా ఉంటే రేపు సాయంత్రంలోగా తెలియజేయగలరు.’ ఇంత చిన్న రాతకు ఒప్పందపత్రమంత విలువ ఉంటుంది. అందులో విశేషణం ఒక్కటీ లేదని గమనించాలి.

4. సవరణ, చెల్లింపు

రెండు సవరణలు ధరలో కలిసి ఉంటాయని, ఆపై ప్రతిదానికి అదనమని రాసుకోవడం మామూలే. కాని సవరణ అంటే ఏమిటో రాయకపోతే ఆ నియమం నిలవదు. చిత్రకారుని పొరపాటును దిద్దడం సవరణ కాదు, అది అతని బాధ్యత. ఆమోదించిన ప్లానే మారితే అదీ సవరణ కాదు, కొత్త పని. ఈ రెంటికీ మధ్య ఉన్నదే సవరణ. ఈ మూడింటినీ విడదీసి రాసినచోట తగవులు తక్కువ.

చెల్లింపు విషయంలో కొంత అడ్వాన్సు, బూడిద నమూనా ఆమోదం దగ్గర కొంత, పూర్తి పరిమాణపు చిత్రం ఇచ్చేముందు మిగతాది అనే పద్ధతి ఉంది. బాకీ తీరేదాకా పేరు అచ్చువేసిన చిన్న పరిమాణపు చిత్రాన్నే చూపిస్తారు. క్లయింటు సంస్థ అయితే వృత్తిసేవల రుసుముపై ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 10 శాతం మినహాయించుకొని ఇవ్వవచ్చు. అది నష్టం కాదు, పన్ను లెక్కలో జమ అవుతుంది. కొత్తగా వృత్తిలోకి వచ్చినవారు దీనిని ఎగవేతగా భావించి మంచి క్లయింటుతో తగవు తెచ్చుకోకూడదు.

అసలు ఎగవేతకు ఉన్న మందు చాలామందికి తెలియదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 సేవలందించే ఏకవ్యక్తి వృత్తులకూ ఉపయోగపడుతుంది. 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘ఉద్యం’ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. ఆ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. గడువు మీరితే సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ చెల్లించాలి. తగవును సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు తీసుకువెళ్లవచ్చు. నమోదు మాత్రం పని ఒప్పుకోవడానికి ముందే జరిగి ఉండటం మేలు.

ఈ చట్టంలో చిత్రకారులకు మరింత ఉపయోగపడే చిన్న వివరం ఉంది. సేవ అందిన 15 రోజుల్లోగా క్లయింటు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఆమోదించినట్టు లెక్క. ‘ఇంకా చూడలేదు’, ‘మా పార్టనర్ ఊళ్లో లేరు’ అంటూ నెలలు గడిపే క్లయింటుకు మర్యాదగా గుర్తుచేయదగిన నిబంధన ఇది. అందుకు చిత్రాన్ని పంపిన తేదీకి ఆధారం ఉండాలి. వాట్సాప్‌లో పంపినా, అదే రోజు ఈమెయిల్‌లో కూడా పంపడం అందుకే అవసరం.

5. పురవర్ణన, ప్రకటన

ఇంతవరకు చర్చించినది ఇద్దరి మధ్య వ్యవహారం. చిత్రం బ్రోచర్‌లోకో, రహదారి పక్క హోర్డింగ్‌పైకో వెళ్లిన క్షణంలో మూడోవ్యక్తి ప్రవేశిస్తాడు. ఆయన జీవితకాలపు పొదుపుతో ఫ్లాటు కొనబోయేవాడు. చిత్రకారునికి ఆయన ముఖం తెలియదు. ఆయన చూసేది మాత్రం చిత్రకారుని పనినే.

మహాకావ్య లక్షణాలు చెబుతూ దండి కావ్యాదర్శంలో నగరవర్ణనను పేర్కొన్నాడు. తెలుగు ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో పురవర్ణనది ప్రధాన స్థానం. మేడలు చంద్రుణ్ణి తాకుతాయి, కోట అగడ్త పాతాళాన్ని అంటుతుంది, తోటల్లో వసంతం ఎన్నడూ వీడిపోదు. అతిశయోక్తి ఇతర అలంకారాలన్నిటికీ ఆశ్రయమని చెప్పింది కూడా దండే. కావ్యంలో ఇది గుణం. పాఠకుడు ఆ మేడను కొనబోడు. నేటి బ్రోచర్ చిత్రం పురవర్ణనకు వారసురాలే. ఆకాశం ఎప్పుడూ నిర్మలంగా ఉంటుంది, చెట్లన్నీ నిండుగా పూసి ఉంటాయి, వీధిలో విద్యుత్ తీగ ఒక్కటీ కనిపించదు. అయితే ఇక్కడ పాఠకుడే కొనుగోలుదారు. అలంకారం ఎక్కడ అబద్ధమవుతుందన్న ప్రశ్న సాహిత్య విమర్శ దాటి ధర్మాసనం ముందుకు వస్తుంది.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016 (రెరా) దీనికి సమాధానం ఇచ్చింది. సెక్షన్ 2లో ‘ప్రకటన’ నిర్వచనం ఏ మాధ్యమంలోనైనా, ఏ రూపంలోనైనా జరిగే ప్రచారాన్ని కలుపుకొనేంత విస్తృతం. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటర్ పరిహారం చెల్లించాలని సెక్షన్ 12 చెబుతోంది. కొనుగోలుదారు తప్పుకోదలిస్తే పెట్టుబడి మొత్తాన్ని వడ్డీతో, పరిహారంతో తిరిగి ఇవ్వాలి. సెక్షన్ 3 ప్రకారం నమోదు వర్తించే ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రచారం చేయడమే నిషిద్ధం. ‘ఇది కళాకారుని ఊహ మాత్రమే’ అని అడుగున సన్నని అక్షరాల్లో అచ్చువేస్తే సెక్షన్ 12 వర్తించదని చట్టంలో ఎక్కడా లేదు.

ఇక్కడ బాధ్యత ప్రమోటర్‌దే, చిత్రకారునిది కాదు. ఆ కారణంతో చిత్రకారుడు చేతులు దులుపుకోవచ్చా అన్నది ఆలోచించవలసిన విషయం. అతిశయానికి వాడే ఉపాయాలు అతనికే తెలుసు. పదడుగుల గదిని వెడల్పైన లెన్సుతో చూపితే పద్నాలుగడుగులుగా కనిపిస్తుంది. మంచాన్ని అసలు కొలతకంటే పది శాతం కుదించి పెడితే చుట్టూ నడిచే చోటు దానంతటదే పెరుగుతుంది. ఇంటి అప్పగింత నాడు కర్రకు కట్టిన మొక్కగా ఉండే చెట్టును ఇరవయ్యేళ్ల వృక్షంగా చూపవచ్చు. పక్కన లేవబోయే ఎనిమిదంతస్తుల భవనాన్ని మబ్బుల వెనుక దాచవచ్చు.

సూర్యుడి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాదు దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఉత్తరముఖం ఉన్న భవనంపై నడిమధ్యాహ్నపు ఎండ పడేది మే రెండోవారం నుంచి ఆగస్టు తొలిరోజుల దాకా మాత్రమే. కాని ఉత్తరముఖపు బాల్కనీలో శీతకాలపు బంగారు ఎండను చూపే చిత్రం తయారుచేయడం సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట పని. అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం ఇస్తే సూర్యుణ్ణి సరైన చోట నిలిపే సౌకర్యం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని చూసి అదనపు ధర పెట్టే తెలుగు కొనుగోలుదారుకు ఈ భేదం అలంకారం కాదు, వస్తువు.

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని చెప్పిన ఔచిత్యం ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. ఆకాశపు రంగు, బల్లపై పూలకుండీ, నడిచే మనుషులు కావ్యస్వేచ్ఛకు లోబడినవి. గది కొలత, కిటికీ స్థానం, ఎండ దిశ, ప్రహరీ పక్కన ఉన్నది లేనిది కొనుగోలుదారు డబ్బుకు లోబడినవి. మొదటివాటిలో అతిశయం ఉచితం, రెండోవాటిలో అనుచితం. ప్లానులో లేని ఈతకొలనును చేర్చమని బిల్డర్ కోరితే ‘అనుమతి పొందిన ప్లానులో అది ఉన్న పేజీ పంపండి, అలాగే పెడదాం’ అని అడగవచ్చు. పేజీ వస్తే పని సాగుతుంది. రాకపోతే ఆ కోరికను రాతలో పంపమనాలి. నిరాకరణ అన్న మాట వాడకుండానే నిరాకరించే పద్ధతి ఇది. పని పోయే అవకాశం లేకపోలేదు. స్వతంత్ర వృత్తిలో నెల అద్దె కట్టవలసినవాడికి అది చిన్న విషయమూ కాదు. అందుకే ఈ నియమాన్ని ఆ క్షణంలో కనిపెట్టకుండా, అందరికీ ఒకేలా ఇచ్చే షరతుల పత్రంలో ముందే చేర్చి ఉంచడం క్షేమకరం. అప్పుడది ఒక బిల్డర్‌పై అనుమానంగా కాక వృత్తి నియమంగా కనిపిస్తుంది.

కట్టకముందే చిత్రంగా ప్రజల్లోకి వెళ్లిన భవనాలకు అమరావతి పెద్ద ఉదాహరణ. శాసనసభ, హైకోర్టు భవనాల ఆకృతులపై 2017లో ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ పనిచేస్తుండగా, సినీదర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి సలహాను కూడా ప్రభుత్వం కోరింది. ఆ రోజుల్లో పత్రికల్లో ‘డిజైన్లు’ అంటే పాఠకులకు స్ఫురించినవి రెండర్ చిత్రాలే. భవనానికి, దాని చిత్రానికి మధ్య ఎన్నేళ్ల దూరం ఉండగలదో తెలుగు ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు.

6. హక్కు, పేరు, ఫైళ్లు

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కీర్తిని ఐరోపాకు చేర్చిన చిత్రసంపుటి 1910–11లో బెర్లిన్‌లో వాస్ముత్ ప్రచురణగా వెలువడింది. అందులోని చిత్రాల్లో అనేకం ఆయన కార్యాలయంలో పనిచేసిన మారియన్ మహోనీ (1871–1961) చేతి రేఖల ఆధారంగా రూపొందినవి. సంపుటి రైట్ పేరుతోనే ప్రసిద్ధం. మహోనీ పాత్రను గుర్తించడానికి పరిశోధకులకు దశాబ్దాలు పట్టింది.

భారత కాపీరైటు చట్టం, 1957 ఈ విషయంలో కొంత రక్షణ ఇస్తుంది. సెక్షన్ 17 ప్రకారం సాధారణంగా కృతికర్తే తొలి హక్కుదారు. అయితే డబ్బిచ్చి చేయించుకున్న ఛాయాచిత్రం, వర్ణచిత్రం, సినిమాటోగ్రాఫ్ చిత్రం వంటి వాటికి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారే తొలి హక్కుదారులు. కంప్యూటర్‌పై తయారైన నిశ్చలచిత్రం ‘డ్రాయింగ్’ కిందికి వస్తుందా, ‘పెయింటింగ్’ కిందికి వస్తుందా అన్నది వాదనకు తావిచ్చే అంశం. వాక్‌త్రూ మాత్రం సినిమాటోగ్రాఫ్ నిర్వచనంలోకి రాగలదు. అంటే ఒకే భవనానికి ఒకే చిత్రకారుడు చేసిన నిశ్చలచిత్రంపై హక్కు ఒకరిది, చలనచిత్రంపై హక్కు మరొకరిది అయ్యే విచిత్ర పరిస్థితి ఏర్పడవచ్చు. ఈ అనిశ్చితికి ఒప్పందపత్రమే విరుగుడు.

హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలని సెక్షన్ 19 నిర్దేశిస్తుంది. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగాను, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితంగాను భావిస్తారు. దుబాయిలోనో, లండన్‌లోనో ఫ్లాట్లు అమ్మే క్లయింటుకు ఈ రెండో అంశం ముఖ్యం. హక్కు బదిలీ అయిన తర్వాత కూడా కృతికర్తగా చెప్పుకునే ప్రత్యేక హక్కు సెక్షన్ 57 వల్ల మిగులుతుంది. తన పనుల సంపుటిలో ఆ చిత్రాన్ని ఎప్పటి నుంచి చూపవచ్చో కూడా పత్రంలో రాసుకోవాలి. అమ్మకాలు మొదలుకాని ప్రాజెక్టును గోప్యంగా ఉంచమని బిల్డర్ కోరడం న్యాయమే. ఆ గోప్యతకు ముగింపు తేదీ కోరడం చిత్రకారుని న్యాయం. ఒక్క హెచ్చరిక: ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972 కింద నమోదైనవారు తప్ప ఇతరులు తమ పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోరాదు. విజిటింగ్ కార్డు అచ్చువేయించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

చివరికి మిగిలేది ఫైళ్ల ప్రశ్న. చిత్రం అందిన కొన్ని నెలలకు క్లయింటు ‘ఆ త్రీడీ ఫైలు కూడా పంపండి’ అని అడుగుతాడు. డబ్బిచ్చినందున అదీ తనదేనని ఆయన నమ్మకం. చిత్రకారుని దృష్టిలో చిత్రం అమ్మకానికి పెట్టినది, ఫైలు తన పనిముట్టు. పైగా అందులోని సోఫాలు, చెట్లు, దీపాలు చాలావరకు నమూనాల గ్రంథాలయాల నుంచి కొన్నవి. వాటి లైసెన్సులు సాధారణంగా చిత్రంలో వాడుకోనిస్తాయి గాని, నమూనాను మరొకరికి అందజేయనివ్వవు. కాబట్టి ఫైలు ఇవ్వదలిస్తే ఆ వస్తువులను తొలగించి, భవనాన్ని మాత్రమే, వేరే ధరకు ఇవ్వాలి. ఫైలును ఎన్నాళ్లు భద్రపరుస్తారో కూడా బిల్లు అడుగున ఒక వాక్యం రాసి ఉంచాలి. ఏడాది అని రాసినచోట, పై అంతస్తు వేయడానికి మూడేళ్ల తర్వాత వచ్చిన గృహయజమాని పాత చిత్రం కాగితంపై ఉంటే తీసుకొస్తాడు. దాన్ని చూసి మళ్లీ గీయవలసి వస్తే, అది కొత్త పనిగానే లెక్కకు వస్తుంది.